సుద్దపలక, మూడో గేరు

జనవరి ఇరవై మూడు, గురువారం. నా భార్య ఆ రోజు ఉదయం ఆరింటికి లేచింది. అరగ్లాసు నీళ్ళు తాగింది. కర్టెన్ తీయమంది, తీశాను. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా చేసిన అలవాటుకొద్దీ తన నాడి తానే పట్టుకుని లెక్కపెట్టుకుంది. "మెల్లగా ఉంది" అంది, ఎవరో పేషెంటు గురించి చెప్పినట్టు. తొమ్మిదింటికి వెనక షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోందనీ, గడియ పెట్టి రమ్మనీ చెప్పింది. వెళ్ళి వచ్చాను. పదకొండు దాటాక పోయింది. సరిగ్గా ఎన్నింటికో చెప్పలేను. మా ఇంట్లో టైము రాసుకోవడం ఎప్పుడూ ఆమె పనే.

అరవై తొమ్మిదేళ్ళ వయసువాణ్ణి, పాలిటెక్నిక్ కాలేజీలో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి, రేసు ట్రాకు మీద 'గోడగడియారం' అనిపించుకున్నవాణ్ణి అయిన నేను, పూర్తి స్పృహలో, స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. బీపీ మాత్ర తప్ప వేరే మందు వాడడం లేదు. నా తదనంతరం నా స్థిరచరాస్తులు కింది విధంగా చెందవలసినది. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురికి అప్పగిస్తున్నాను. భూములు కొలవడం ఆమె ఉద్యోగం కనుక పంచడం కూడా చేతనవుతుందని నమ్మకం.

1. ఏడేళ్ళ క్రితం నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. ముఖ్యంగా అందులోని నాలుగో అంశాన్ని. అందులో ఇలా రాశాను: "రేసులో నాకు చూపించే సుద్దపలక నా భార్యకే చెందవలసినది. చూపించవలసినది ఎందుకు చూపించలేదో తీరిగ్గా ఆలోచించుకోవడానికి పనికొస్తుంది." అది పరాచికం కాదు. పరాచికంలా కనబడాలని రాశాను. ఆమె అది చదివింది. మడతపెట్టి కవర్లో పెట్టి, బీరువాలో తన చీరల కింద దాచింది. ఆ అంశాన్ని ఆమె ఎదుట వెనక్కి తీసుకోవలసింది. ఇప్పుడు కాగితం మీద తప్ప వీలు లేదు. అందుకే ఈ వీలునామా.

2. ఇల్లు, దాని వెనక షెడ్డు, ఖాళీ స్థలం నా కూతురు సర్వహక్కులతో అనుభవించవలసినది. షెడ్డు నేల మీది ఆయిలు మరక పోవడానికి పదేళ్ళు ప్రయత్నించాం. ఇక వదిలేయవచ్చు.

3. ఛాంపియన్‌షిప్ కప్పు నా కూతురికి. ఇందులో బట్టల క్లిప్పులు ఉన్నాయి. నా భార్య మొదటి వారం నుంచీ దీన్ని అందుకే వాడింది. "రెండు చెవులున్నాయి, పట్టుకోవడానికి బాగుంది" అనేది. క్లిప్పులతో సహా ఇస్తున్నాను. తీయనక్కర్లేదు.

ఈ కప్పు ఎలా వచ్చిందో కుటుంబంలో తలా ఒక రకంగా చెప్పుకుంటారు కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాల కిందటి స్పోర్ట్స్ కార్ల సీజను. ఎనిమిది రేసులు. మొదటి స్థానానికి పది పాయింట్లు, రెండుకి ఎనిమిది, మూడుకి ఆరు, నాలుగుకి ఐదు. కారు ఆగిపోతే సున్నా. మా ట్రాకులో అందరికన్నా వేగంగా నడిపేవాణ్ణి మెరుపు అనేవాళ్ళం. ఏడు రేసుల్లో అతను ఐదు గెలిచాడు, రెండింట్లో కారు చెడగొట్టుకున్నాడు. యాభై పాయింట్లు. నేను ఒక్కటీ గెలవలేదు. నాలుగుసార్లు రెండు, రెండుసార్లు మూడు, ఒకసారి నాలుగు. నలభై తొమ్మిది. అన్ని రేసులూ పూర్తి చేసిన కారు ఆ ఏడు నాదొక్కటే. ఎనిమిదో రేసులో మెరుపు ఇరవై ఆరో ల్యాపులో పొగతో ఆగిపోయాడు. నేను రెండోవాడిగా వచ్చాను. యాభై ఏడు, యాభై. అంతే.

అంతకు ముందు గానీ తర్వాత గానీ నేను ఒక్క రేసూ గెలవలేదు.

4. నా బావమరిది ఆ సాయంత్రం పదిమందిలో అన్న మాట: "ఒక్క రేసూ గెలవని ఛాంపియనేంటి బావా? ఒక్క ప్రశ్నకీ పూర్తి జవాబు రాయకుండా క్లాసులో ఫస్టొచ్చినట్టుంది!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను పంతొమ్మిదేళ్ళ క్రితం నా స్పానర్ల పెట్టె "రెండ్రోజుల్లో ఇచ్చేస్తా" అని తీసుకెళ్ళాడు. ఆ పెట్టె అతనికే చెందవలసినది. ఇకనుంచి నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని మంచం కిందికి తొయ్యనక్కర్లేదు. అక్క పోయాక రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతున్నాడు. అదీ నమోదు చేస్తున్నాను.

5. నా భార్య జాకెట్టుకు పెట్టుకునే నర్సు గడియారం, చివరి నాలుగు నెలలూ ఇంటికి వచ్చి చూసిన వార్డు సిస్టరుకు. ఆమె వచ్చిన ప్రతిసారీ నా భార్య "పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకూడదమ్మా, నిమిషమంతా చూడాలి" అని పాఠం చెప్పేది. సిస్టరు విసుక్కోకుండా నిమిషమంతా చూసేది. గడియారం రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది.

6. సుద్దపలక నా కూతురికి. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

ఇది రెండడుగుల నల్లచెక్క, పిడి ఉంది. రేసు నడుస్తుండగా డ్రైవరుకు ఏమీ తెలియదు. మాది మలుపుల ట్రాకు, మధ్య మధ్య మట్టిగట్లు. చుట్టూ ఒకటి రెండు ల్యాపులు వెనకబడ్డ కార్లు తిరుగుతుంటాయి. ఎవరు నిజంగా ముందున్నారో ఎవరు వెనకో పలక చూస్తేనే తెలిసేది. ప్రతి ల్యాపూ నా భార్య స్టాప్‌వాచీ చూసి, మా కాలేజీ సుద్దముక్కతో అంకె రాసి, గోడ పక్కన నిలబడి చూపించేది.

మొదటి ఏడాది ముందున్న కారుకీ నాకూ ఎన్ని సెకన్ల తేడానో రాసేది. ఒకసారి "ముందు 2" అని చూపించింది. ఆ రెండు సెకన్లు ఒక్క మలుపులోనే సంపాదించబోయి టైర్ల గుట్టలోకి వెళ్ళాను. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆమె వార్డులోనే పడుకోబెట్టారు. కట్టు కడుతూ చెప్పింది: "ఇకనుంచి నీ వెనకున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో అదొక్కటే రాస్తాను. ముందువాడి సంగతి నీకనవసరం." ఒప్పుకున్నాను. ఆ స్థితిలో మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు.

అలా నడిపితేనే సీజను మొత్తం నిలకడగా వచ్చింది. వెనకవాడు దగ్గరైతే కొంచెం తొక్కేవాణ్ణి, దూరమైతే కారును కాపాడుకునేవాణ్ణి. గోడగడియారం అన్న పేరు అప్పుడు వచ్చింది.

ఆఖరి రేసు రోజు ఉదయం ఒక మాట అడిగాను. గెలిచే అవకాశం ఉంటే చివరి మూడు ల్యాపుల్లో ముందు తేడా రాయమన్నాను. జీవితంలో ఒక్కసారి. "సరే" అంది.

చివరి మూడు ల్యాపులూ పలక మీద "వెనక 9" అనే ఉంది. అంటే ముందువాడు అందనంత దూరంలో ఉన్నాడనుకున్నాను. ఆఖరి ల్యాపులో ఎదురుగా ఒక కారు కనబడింది. ల్యాపు వెనకబడ్డదేమో, దానితో పనేమిటని నా దారిన నేను వచ్చాను. జెండా కింద నుంచి అది నాకన్నా రెండు సెకన్లు ముందు దాటింది. మొదటి స్థానం దానిదే. టైర్లు అరిగిపోయి ఈడ్చుకుంటూ వచ్చిందట. మూడు ల్యాపుల ముందు తేడా ఆరు సెకన్లేనట. ఇవన్నీ కప్పు చేతిలో పెట్టుకుని విన్నాను.

ఆమెను అడిగాను. "రాయలేదు" అంది. "ఎందుకు రాయలేదు?" అంటే "రాయాలనిపించలేదు" అంది.

ఆ తర్వాత నేను రేసు నడపలేదు. అడిగినవాళ్ళకి నడుంనొప్పి అన్నాను. కారును చెక్కదిమ్మల మీదికి ఎక్కించాను. మేము పోట్లాడుకోలేదు. అన్నీ మామూలుగానే జరిగాయి. ఎక్కడికైనా ప్రయాణమైతే బస్సుకు ఎంత టైముందని అడిగి, ఆమె చెప్పగానే "నిజమేనా?" అనేవాణ్ణి. అంతే. ముప్పై ఒక్క సంవత్సరాలు.

7. నా భార్య ల్యాపుల నోటుపుస్తకం కూడా నా కూతురికి. ఇది నాకు ఫిబ్రవరిలో బీరువా సర్దుతుండగా దొరికింది, పాత వీలునామా ఉన్న కవర్లోనే. ఎనిమిది రేసులు, ప్రతి ల్యాపూ ఉన్నాయి. ఎనిమిదో రేసు, ఇరవై ఎనిమిదో ల్యాపు: "ముందు 6. వెనక 9." ఇరవై తొమ్మిది: "ముందు 4. వెనక 9." ఆమె రెండూ రాసుకుంది. నాకు ఒకటే చూపించింది.

తర్వాతి పేజీలో గాయానికి వేసే తెల్ల ప్లాస్టరుతో ఒక ఇనప ముక్క అతికించి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. గేరు చక్రపు పన్ను. మూడో గేరుది. ఆ గేరు కొన్నది కాదు. కాలేజీ వర్క్‌షాపులో నేనే గీసి, నేనే కోసి, నేనే కాల్చి గట్టిపరిచింది. తరగతిలో దాని డ్రాయింగు చూపించి పాఠం చెప్పేవాణ్ణి.

8. స్పోర్ట్స్ కారు, రెండు సీట్లది, పచ్చరంగు, నేను మూడేళ్ళు కూర్చుని కట్టినది, నా మెకానిక్కుకు సర్వహక్కులతో చెందవలసినది. ఇందులో తనకు అభ్యంతరం లేదని నా కూతురు తెలిపింది.

నోటుపుస్తకం పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. పన్ను చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇన్నాళ్ళకి దొరికిందా మాస్టారూ" అన్నాడు. ఆ రోజు ఉదయం ప్రాక్టీసులోనే మూడో గేరు కూత అతని చెవిన పడిందట. పన్ను చిట్లింది. మార్చడానికి వేరేది లేదు, టైమూ లేదు. నాతో చెప్పబోతే నా భార్య ఆపిందట. "చెప్తే చెవి గేరు మీద పెడతాడు, కళ్ళు రోడ్డు మీద పెట్టడు. విరిగితే మనిషికేమైనా అవుతుందా?" అని అడిగిందట. "కారు ఆగుద్దంతే వదినా, మనిషికేం కాదు. ఇదే ఊపులో పోతే ఆఖరిదాకా లాగుద్ది. గట్టిగా తొక్కాడో, అయిపోయినట్టే" అన్నాడట.

కారు ఆగితే నాకు సున్నా. నలభై తొమ్మిది, యాభై. ఒక్క పాయింటుతో పోయేది. ఆమె చేతిలో సుద్దముక్క ఉంది, నాకు ఇచ్చిన మాట ఉంది. "వెనక 9" రాసింది.

తర్వాతి వారం ఆయిలు దించితే పన్ను అడుగున దొరికిందట. ఇప్పటికైనా చెబుదామన్నాడట అతను. ఆమె అన్న మాటలు అతను చెప్పినట్టే రాస్తున్నాను: "వద్దు మరిదీ. తన చేత్తో కోసిన గేరే చాల్లేదని తెలిస్తే ఆ కారును చూసినప్పుడల్లా కుమిలిపోతాడు. పెళ్ళాం ఆపిందనుకోనీ. నాలుగు రోజులు అలిగి ఊరుకుంటాడు."

నాలుగు రోజులని ఆమె లెక్క. నాకు తెలిసి ఆమె లెక్క తప్పింది అదొక్కసారే.

మెకానిక్కు మాట నిలబెట్టుకున్నందుకు నాకు కోపం లేదు. కారు ఇవ్వడానికి అది కారణం కాదు. ఆ ఉదయమే కూతను పోల్చుకున్న చెవి అతనిది. నేను విని హెల్మెట్టులో గాలి అనుకున్నాను.

9. మెరుపుకు ఏమీ ఇవ్వడం లేదు. వీలునామా వల్ల లాభం పొందేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదని మా లాయరమ్మ చెప్పింది. నాకు అతని సంతకం కావాలి. సంగతి చెబితే "ఐదు రేసులు గెలిచి నీ కింద సంతకం పెట్టాలా గురూ" అన్నాడు, పెన్ను తెచ్చుకున్నాడు. నా భార్య చనిపోయిన వారంలో షెడ్డులో నా పక్కన రెండు గంటలు ఊరికే కూర్చుని, వెళ్ళబోతూ ఒక మాట చెప్పాడు. దాటి వెళ్ళేటప్పుడు ఆమె పలక అతనూ చదివేవాడట. అతని జట్టువాళ్ళు చూపించే పలక మీద ఎప్పుడూ "ఇంకా, ఇంకా" అనే ఉండేదట. ఆ ట్రాకు మొత్తంలో నమ్మదగ్గ అంకె ఆమెదే అన్నాడు. అతని ముందు తల ఊపాను. అప్పటికి నోటుపుస్తకం ఇంకా దొరకలేదు.

10. స్టాప్‌వాచీ నాతో పాటు పంపవలసినది. ఆఖరిసారి ఆమె ఆపినచోటే ఆగి ఉంది. సున్నాకు తేవద్దు.

11. మిగిలిన పుస్తకాలు, డ్రాయింగు బల్ల, బట్టలు నా కూతురు తనకు తోచినట్టు పంచవలసినది. ఏడేళ్ళ క్రితపు వీలునామా అసలు కాపీని చింపవద్దు. నోటుపుస్తకం పక్కన ఉండనివ్వాలి. నేను ఏం రాశానో, ఆమె ఏం రాయలేదో రెండూ కలిపి చదవాలి.

పైన రాసినదంతా చదివి, సమ్మతించి, ఇవాళ, 2025 మార్చి 11, మంగళవారం, పట్టపగలు, మా ఇంటి ముందుగదిలో సంతకం చేస్తున్నాను.

(సంతకం)
గోడగడియారం

సాక్షులు:
1. (సంతకం) మెరుపు. ఈయన నా ఎదుట సంతకం చేశారు. చెయ్యి వణకలేదు.
2. (సంతకం) కింది వాటాలో మందుల షాపు నడిపే ఆవిడ.

సంతకం కింద రాసింది చెల్లదని లాయరమ్మ చెప్పింది. ఇది చెల్లనక్కర్లేదు. పాత ట్రాకును ఇప్పుడు లారీ డ్రైవింగు నేర్పేవాళ్ళు వాడుకుంటున్నారు. ఒక గంట ఇస్తామన్నారు. మెకానిక్కు కారును దిమ్మల మీంచి దించాడు. పన్ను పోయిన గేరు ఇంకా అందులోనే ఉంది. మార్చొద్దన్నాను. అమ్మాయి పలక పట్టుకుని వాళ్ళమ్మ నిలబడ్డ చోట నిలబడుతుంది. ఏం రాయాలని అడిగితే "వెనక 9" అన్నాను. రేపు ఉదయం ఆరున్నరకు మూడు ల్యాపులు నడుపుతాను. మూడో గేరును తొందరపెట్టను.