జ్ఞానమ్మ శ్రుతి

బోధన్
18 జనవరి 2000

తమ్ముడు మార్కండేయకు,

నువ్వు నా దేవుణ్ణి నమ్మకపోయినా ఆ దేవుడి పేరుమీదనే నీ మేలు కోరుతూ రాస్తున్నాను.

ఒక మనిషి గొంతు వచ్చే నెలలో ఉండదని తెలిస్తే, ఆ గొంతు పక్కన నిలబడి ఏళ్లకేళ్లు గిటారు వాయించినవాడు ఎక్కడ ఉండాలి? భివండిలో మరమగ్గం ముందరనా, బోధన్‌లో ఆ మనిషి ముందరనా? జవాబు చెప్పు. మీ సేటు దుకాణానికి ఎప్పుడు ఫోన్ చేసినా మార్కండేయ లేడంటున్నారు. మొన్న మగ్గాల చప్పుడు వెనక నీ దగ్గు నాకు వినిపించింది. నీ దగ్గు నేను గుర్తుపట్టననుకున్నావా?

చెల్లె జ్ఞానమ్మకు గొంతులో కాన్సర్. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో ఫిబ్రవరి చివర ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. బతుకుతుంది, మాట్లాడదు. మెడ దగ్గర రంధ్రం పెడితే అక్కడి నుంచే ఊపిరి తీసుకోవాలట. డాక్టరు ఇదంతా చెబుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. ఆమె మాత్రం ఆయనను ఎగతాళి చేసింది. "దేవదూత మాట నమ్మనందుకు జెకర్యా నోరు పడిపోయింది. కొడుకు పుట్టినంక మళ్లొచ్చింది. నాకు మళ్ల రాదు, గంతే కదా సారు" అన్నది. ఆ డాక్టరుకు జెకర్యా ఎవరో తెలియదు. ఊరికే తలూపాడు.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. ఎడపల్లి గేటు పాటను, ఆ పాట వాయించినవాళ్లందరితో కలిసి, చర్చి కాంపౌండులో ఒక్కసారి పాడాలట. క్యాసెట్టు కోసం కాదు, జనం కోసం కాదు. దాసు ఒప్పుకున్నాడు. దశరథం నిజామాబాద్ నుంచి వస్తానన్నాడు. రాజమల్లు లేడు, ఉంటే అందరికన్నా ముందు వచ్చేవాడు. ఇక మిగిలింది నువ్వే.

మార్కండేయా, నీకు గుర్తున్నదో లేదో, నేను గుర్తు చేస్తాను. మీ తీపిగాలి బృందం మొదట నా ప్రసంగం కోసం పుట్టింది. పగలు ఫ్యాక్టరీ యార్డులో చెరుకు బండ్లు దించి, సాయంత్రం బస్టాండులో వాక్యం చెప్పేవాణ్ణి. ఎవరూ నిలబడేవారు కాదు. అందుకని చెల్లెను, రాజమల్లు హార్మోనియంను, దాసు డోలకును వెంట తెచ్చుకున్నాను. అప్పటినుంచి జనం పాటలకు నిలబడి, నేను నోరు తెరవగానే బస్సెక్కేవాళ్లు. పద్మశాలి ఇంట్లో పుట్టిన నువ్వు ఒకనాడు పాత గిటారుతో వచ్చి వెనక నిలబడ్డావు. ఎవరు పిలిచారు నిన్ను? ఎవరూ పిలవలేదు. జ్ఞానమ్మ పాడుతుంటే ఆ పాట కింద నీ తీగలు చల్లగా నడిచాయి. ఆ రోజు నా ప్రసంగానికి కూడా జనం ఆగారు.

తర్వాత పాటలు మారాయి. దేవుడి పాటల్లోకి వాన వచ్చింది, చెరుకు లారీ వచ్చింది, ఎడపల్లి దగ్గర రైలు గేటు పడితే ఎదురెదురుగా ఆగిన రెండు బస్సుల్లో ఒక పిల్లా ఒక పిలగాడూ వచ్చారు. 'గేటు పడ్డది, బస్సు ఆగింది, నీ కిటికీ నా కిటికీ ఎదురెదురు.' ఇది లోకం పాట అని నేను ఎంత మొత్తుకున్నాను. అయినా తెల్లారి బండ్లు దించుతూ అదే పాడుకున్నాను. తీపిగాలి అని పేరు పెట్టింది జ్ఞానమ్మ. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసనకు ఊరంతా ముక్కు మూసుకుంటుంటే తీపి ఎక్కడిదే అని దాసు నవ్వేవాడు.

రాజమల్లు కామెర్లతో పోయాక హార్మోనియం ఆగింది. ఏళ్ల తర్వాత క్యాసెట్టు కోసం దశరథం కీబోర్డు వచ్చింది. అందులోనే దరువు ఉంది కాబట్టి దాసును కూర్చోబెట్టారు. దాసు మీతో కొట్లాడలేదు. "మిషనుకు దరువు నేర్పిండ్రు, ఇగ దానికి చాయ్ గూడ తాపుండ్రి" అని డోలకు భుజానికి తగిలించుకుని పెళ్లి బ్యాండులో చేరిపోయాడు. మనుషులు తగ్గుతున్నకొద్దీ మీ పాట సన్నబడింది. అందంగానే సన్నబడింది, నేను కాదనను. నిజామాబాద్‌లో క్యాసెట్టు చేశారు. చెరుకు లారీలల్లో, చాయ్ హోటళ్లల్లో జ్ఞానమ్మ గొంతు తిరిగింది. అట్లా తిరుగుతున్నప్పుడే నువ్వు ఒక్క మాటైనా చెప్పకుండా భివండి బండెక్కావు. ఆమె మళ్లీ ఏ బృందంతోనూ పాడలేదు. ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది.

లేఖనంలో చెరలోకి పోయినవాళ్లు పాట మానేసి నిరవంజి చెట్లకు సితారాలు తగిలించారంటే అర్థమున్నది. వాళ్లను సంకెళ్లతో తీసుకుపోయారు. నిన్నెవరు తీసుకుపోయారు? క్రైస్తవుల కాంపౌండులో వాయించినోడివని మీ కులపోళ్లు ఏమన్నా అన్నారా? మా మీద ఏమన్నా మనసు విరిగిందా? ఏదైనా సరే, వచ్చి నా ముఖం మీద చెప్పు. పాట మాత్రం ఆపకు.

నీ అన్న
వీరస్వామి

*

బోధన్
2 ఫిబ్రవరి 2000

మార్కండేయకు,

నీ జాబు అందింది. చదివి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చెరుకు తోటల వెంబడి రుద్రూర్ దారిలో చాలాసేపు నడిచాను. నన్ను క్షమించమని రాశావు. ఆ మాట కింద నువ్వు రాసింది నాకు మింగుడు పడటం లేదు. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలుసుకోవడానికి నా మాటల్లో మళ్లీ రాస్తున్నాను.

రాజమల్లు హార్మోనియంకూ ఫ్యాక్టరీ సైరన్‌కూ శ్రుతి ఒకటేనని మనందరికీ తెలుసు. రాజమల్లు పోయాక శ్రుతి పట్టడానికి మనకు ఇంకేమీ లేదు. సాయంత్రం షిఫ్టు సైరన్ మోగగానే నువ్వు చెవి పెట్టి తీగలు బిగించుకునేవాడివి. ఊళ్లో మనల్ని సైరన్ పార్టీ అని నవ్వేది అందుకే. ఒక ఏడాది చెరుకు గానుగాట మొదలయ్యే ముందు ఫ్యాక్టరీలో పాత సైరన్ తీసి కొత్తది పెట్టారు. కొత్తది పై శ్రుతిలో కూస్తుందని నువ్వు గమనించలేదు. ఎవరమూ గమనించలేదు. నువ్వు ఎప్పటిలాగే దానికే బిగించావు, జ్ఞానమ్మ దానికే పాడింది. అట్లా ఏళ్లు గడిచాయి.

క్యాసెట్టు రోజున నిజామాబాద్‌లో దశరథం కీబోర్డు పక్కన గిటారు పెట్టినప్పుడు నీకు తెలిసింది. మొదటి రోజుల శ్రుతికన్నా రెండు మూడు మెట్లు పైన పాడిస్తున్నావని తెలిసింది. తెలిసీ ఏం చేశావు? తీగలు దించలేదు. మీట నొక్కి కీబోర్డు శ్రుతినే పైకి జరపమన్నావు. ఆ పై శ్రుతిలో ఆమె గొంతు నిప్పు రవ్వలా ఉంటుందనీ, కిందికి దిగితే ఆ మెరుపు పోతుందనీ, క్యాసెట్టు ఒక్కటి అయిపోతే చెబుదామనీ అనుకున్నావు. క్యాసెట్టు అయ్యాక ఆమె వారం రోజులు గొంతు పెగలక సైగలతో మాట్లాడింది. అది చూసి భయపడి పారిపోయావు. ఇప్పుడు కాన్సర్ అన్న మాట వినగానే, ఆ గొంతును నేనే తిన్నాను, ఏ ముఖంతో ఆమె ముందు గిటారు పట్టను అని రాశావు.

డాక్టరును అడిగాను. పై శ్రుతిలో పాడినందువల్ల ఈ జబ్బు రాదన్నాడు. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరన్నాడు. ఆ మాట నీకు రాయడం న్యాయం, అందుకే రాశాను. కానీ నా కడుపు మంట డాక్టరు మాటతో చల్లారలేదు. ఆకాను దొంగసొమ్మును డేరా కింద నేలలో పూడ్చిపెడితే ఇశ్రాయేలు మొత్తం దాని ఫలితం అనుభవించింది. నువ్వూ అట్లాగే ఒక సంగతి పూడ్చిపెట్టి దాని మీద పాట పాడించావు. వారం రోజులు నా చెల్లె నా ఇంట్లో చేతి సైగలతో నీళ్లడిగింది. చలిగాలి తగిలిందనుకుని నేను మిరియాల కషాయం కాచి పోశాను.

నువ్వు రావద్దు. దాసు డోలకుతో, దశరథం కీబోర్డుతో ఆమె పాడుకుంటుంది. నీ గురించి అడిగితే సెలవు దొరకలేదని చెబుతాను. అబద్ధమాడిన పాపం నా మీద వేసుకుంటాను.

వీరస్వామి

*

బోధన్
9 ఫిబ్రవరి 2000

నా తమ్ముడు మార్కండేయకు,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. మీ కులపోడు పోశన్న భివండి వస్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చివరిదాకా చదివేవరకు నీ ముందునుంచి కదలొద్దని చెప్పాను. అతని మీద విసుక్కోకు.

మొన్న ఆదివారం చర్చిలో నేను వాక్యం చెప్పాను. సౌలు రాజు సంగతి తీసుకున్నాను. తన మనసు కుదుటపడాలని సితార వాయించిన దావీదు మీదనే రాజు ఈటె విసిరాడని చెప్పబోయి, ఎందుకో వాయించేవాడి మీద పడి తిట్టాను. వాయించేవాళ్లకు తమ వేళ్ల మీద ఉన్న ప్రేమ పాడేవాళ్ల గొంతు మీద ఉండదన్నాను. మా ముసలమ్మలు, లక్ష్మవ్వ, శారమ్మ, ఒకరినొకరు చూసుకున్నారు. దావీదు చేసిన తప్పేమిటో వాళ్లకు అర్థం కాలేదు. జ్ఞానమ్మకు అర్థమైంది.

ఇంటికి రాగానే బీడీల చాట పక్కకు జరిపి, మార్కండేయ ఏం రాసిండు అని అడిగింది. ఇప్పుడు ఆమె మాట గరగరమంటుంది, దగ్గర కూర్చుంటే తప్ప వినపడదు. సెలవు దొరకలేదట అన్నాను. నేను వాక్యం ఎంత గట్టిగా చెబుతానో అబద్ధం అంత లేతగా చెబుతాను. చివరికి అంతా చెప్పేశాను. సైరన్ సంగతి, మీట సంగతి, నిన్ను రావద్దన్న సంగతి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు తెర వచ్చింది. దగ్గు ఆగేదాకా వీపు నిమిరాను.

అప్పుడు ఆమె చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. నా సొంతం ఒక్కటీ కలపలేదు.

"గదంత నాకు ఎర్కనే అన్న. సైరన్ మారిన నాడే ఎర్క. ఆ ఆదివారం చర్చిల గూడ మార్కండేయ గిటారే వాయించె కదా. రెండో చరణంల మన ఆడోళ్లందరు ఆగిపోయిండ్రు, ఒక్కలకు గూడ పైకి అందలే. నాకొక్కదానికి అందింది. ఆళ్లు ఆగిపోయిన కాడికెల్లి నా గొంతు మొదలైంది. గప్పటిదాంక నేను బీడీలు సుట్టే జ్ఞానమ్మనే. వీరస్వామి సెల్లెనే. గాడ మాత్రం నేనే ఉంటి, ఇంకెవ్వలు లేకుండ్రి."

నేను అడిగాను, మరి నొప్పి పెట్టలేదా అని.

"పెట్టింది. గంతకే దించుమని సెప్తనా? మార్కండేయకు సెప్తె దించుతడని భయమై సెప్పలే. ఆడు దాసిండని నువ్వు తిట్టినవ్, నేను గూడ దాసిన. మరి నన్నెవ్వలు తిడ్తరు?"

తమ్ముడా, నా దగ్గర దీనికి వాక్యం లేదు. నాకు బడి చదువు లేకపోయినా అక్షరాలు కూడబలుక్కుని లేఖనమంతా చదివాను. మనిషి అడిగే ఏ మాటకైనా ఎక్కడో ఒక దగ్గర జవాబు దొరుకుతుందని పందెం కాసేవాణ్ణి. ఆ పూట చాలాసేపు వెతికాను. దొరకలేదు. నేను ఆమె పాటను నా ప్రసంగానికి జనాన్ని ఆపే పని అనుకున్నాను. నువ్వు నీ గిటారు చేసిన గాయం అనుకున్నావు. ఆమె పాట ఆమెదే అని మనిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం దాసూ దశరథమూ సాధనకు వచ్చినప్పుడు ఆమె చిన్నగా పాడి చూపించింది. పైన అంతా పోయింది, మార్కండేయా. మొదటి మాట దగ్గరే గాలి మిగులుతోంది తప్ప నాదం రావటం లేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఆమె మాత్రం ఆగకుండా కిందికి దిగింది. చాలా కిందికి. మగవాళ్లు పాడే చోటికి. అక్కడ గరుకుగా, పాత తలుపు తెరిచినట్టు ఒక గొంతు ఉన్నది. ఇన్నేళ్లలో ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. దాసు డోలకు పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాడు. దశరథం కీబోర్డు మీద ఆ చోటు పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. నీ పేరు చెప్పింది.

"మార్కండేయను తీగలు వదులు చేస్కొని రమ్మను. పైన ఎట్లుంటదో సూసిన. కింద ఎట్లుంటదో గూడ సూసి పోత."

ఆసుపత్రి నుంచి నిన్న కబురు వచ్చింది. తారీఖు ముందుకు జరిగింది. సోమవారం పొద్దున చేర్పించాలి. ఆదివారం సాయంత్రంలోపు ఆ పాట కాకపోతే ఇక ఎప్పటికీ కాదు. నిన్ను రావద్దని రాసిన చెయ్యి ఇదే, ఇప్పుడు రమ్మని రాస్తున్న చెయ్యి కూడా ఇదే. మొదటి మాటను మన్నించు, రెండో మాటను విను. నీ తప్పు ఉందా లేదా అని లెక్క తేల్చుకోవడానికి రావద్దు. ఆ లెక్క ఆమె ఎప్పుడో కొట్టేసింది. వాయించడానికి రా.

నేడు అనే మాట చెల్లుతున్నప్పుడే ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమని అపొస్తలుడు రాశాడు. బస్టాండులో ఆ మాట ఎన్నిసార్లు అరిచానో నాకే తెలియదు. ఎవరినీ ఇంత గట్టిగా పిలవలేదు. పోశన్న నీ ముందు నిలబడి ఉన్నాడు కదా, ఈ కాగితం మడిచి అతని చేతిలో పెట్టు. మగ్గం ఆపు. సేటు ఒప్పుకోకపోయినా ఆపు. బట్టలు సర్దుకోకు, ఇక్కడ నావి ఉన్నాయి. గిటారు ఒక్కటి తీసుకుని ఈ పూటే కల్యాణ్‌లో రైలెక్కు. రేపు కాదు తమ్ముడా, ఇవాళ.

నీ కోసం నిజామాబాద్ స్టేషన్‌లో ప్రతి బండికీ ఎదురుచూసే
నీ అన్న వీరస్వామి