రేడియేటర్ మూత

అక్కా,

బావ ముఖం నా వల్లే కాలిందని అందరితో అంటున్నావట. జరిగింది రాస్తున్నాను.

తన కారు ఇంజన్ని చల్లబరిచే పాత కూలెంట్ తీసేసి, లోపల నీళ్లతో కడిగి, కొత్తది పోద్దామని బావే మా ఇంటికొచ్చాడు. ఇంజను చల్లారేదాకా గంటసేపు ఆగుదామన్నాను. "గ్యారేజీ ఊడ్చేవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అని మా ఆవిడ ముందే నవ్వాడు. "రేడియేటర్ మూత తియ్యనా?" అని తనే అడిగితే, "నీ ఇష్టం బావా" అని రెండడుగులు వెనక్కి జరిగాను. మూత తియ్యగానే సలసల మరిగే నీళ్లు ఎగజిమ్మాయి.

బావని ఆసుపత్రిలో చేర్పించి వచ్చి, మిగతా పని నేనే పూర్తి చేశాను. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడిగాను. ఇప్పుడు బండి అస్సలు వేడెక్కడం లేదు. కట్లు విప్పాక, చూపుంటే, బావనే వచ్చి నడుపుకుని వెళ్లమను.

నీ తమ్ముడు