పాపైతాన్ మరిగిన పూట

అబ్రా,
ఎన్నికల ముందు ఆదివారం

మన చంటిదాని నాన్నగారికి, ఫిదెలా రాయునది.

ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. అక్కడ జెద్దాలో మీరు వేళకి తిని, ఎండలో ఒళ్ళు కాపాడుకుంటున్నారని తలుస్తాను. చంటిది అచ్చం మీ పోలికే. ఏడుపు మాత్రం మా అమ్మది.

"బాలింతవి, మా నాన్న మాట విని ఆ చేదు మేక బోటీ చారు, పాపైతాన్, తాగుతున్నావా? అందులో నిజంగా బలముందా?" అని అడిగారు కదా. నర్సు పెర్లితాని అడిగాను. "పురుట్లో అంత నెత్తురు పోయినదానివి, మేక కార్జం, నల్ల తింటేనే రక్తం పడుతుంది. బోటీ కూడా ఒంటికి మంచిదే. పిత్తం పోసేది చేదు కోసం, బలానికి కాదు. మీ మామగారికి మాత్రం తగ్గించు, ఆ కీళ్ళవాతానికి అది పడదు" అంది. మామయ్య వింటారా? "చేదు లేని పాపైతానా? అది మేకని కడిగిన నీళ్ళే!" అన్నారు.

పోయిన గురువారం నాకోసమే మేకపోతుని కోశారు. బోటీ శుభ్రం చేసి పెరటి పొయ్యి మీద పెద్ద కుండ పెట్టాను. చారు తెర్లుతుండగా ముగ్గురు మొహాలకి రుమాళ్ళు కట్టుకుని తడిక తోసుకొచ్చారు. ఎన్నికల్లో నిలబడ్డ ఆ పెద్దమనిషి విందులకని ఊళ్ళో మేకల్ని తోలుకుపోతున్నవాళ్ళే.

"ముసలాయనా, మిగతా మేకల్ని విప్పు" అన్నాడు పొడుగాటివాడు.

"మొహం చూపించి అడిగితే ఒకటిస్తాను. దాచుకొచ్చినవాడికి మేక పెంటిక కూడా ఇవ్వను" అన్నారు మామయ్య.

వాడు కత్తితో వేటు వేశాడు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. మోచేతి కింద ఎముక తెల్లగా కనబడింది. రెండో చేత్తో వాడి గొంతు పట్టుకుని మేకల పాకలోకి పడిపోయారు. కిందపడి కూడా వదల్లేదు, వాడి చెవి కొరికేశారు. వాడు చెవి పట్టుకుని అరుస్తూ పరుగెత్తితే, వాడి వెనకే ఇంకొకడూ పోయాడు. మూడోవాడు మిగిలాడు. వాడి దగ్గర తుపాకీ ఉంది. వచ్చినప్పట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. మామయ్య గుండెల మీద గొట్టం ఆనించాడు.

నేను పాత గుడ్డలతో కుండ ఎత్తి వాడి మొహాన కుమ్మరించాను.

ఆ అరుపు ఎలా రాయను? వాడు తుపాకీ పారేసి రుమాలు పీక్కున్నాడు. గుడ్డతో పాటు చర్మమూ ఊడొచ్చింది.

ఇక్కడికొచ్చి కలం ఆగిపోతోంది. మీకు చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్నాను. ఏమండీ, ఆ రుమాలు కింద ఉన్నది మీ తమ్ముడు రుఫినో.

"వదినా!" అని కూలబడ్డాడు.

మామయ్య పాక్కుంటూ వెళ్ళి వాడి తల ఒళ్ళోకి తీసుకున్నారు. తెగిన చేతి నెత్తురు వాడి గుండెల మీద కారుతోంది. "నీళ్ళు తేవే అమ్మాయ్! నా పిల్లాడు కాలిపోతున్నాడు!" అని అరిచారు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. మామయ్య వేళ్ళు ముడుచుకోవడం లేదు. రుఫినోకి ఎడమ కన్ను పోయింది. కుండ జారి పడిందని, తన చెయ్యి తన కత్తికే తెగిందని పోలీసులకి మామయ్యే చెప్పారు. "కాలిన తోలు మళ్ళీ రావాలన్నా, పోయిన రక్తం పట్టాలన్నా కార్జం, నల్ల పెట్టు. కీళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అంది పెర్లితా. అందుకని రోజూ వండి పట్టుకెళ్తున్నాను.

నిన్న మామయ్య నిద్రపోతుంటే రుఫినోకి చెంచాతో తాగిస్తూ అడిగాను. "నిజంగా కాల్చేవాడివా, మామయ్యని?"

వాడు నా చేతిలోని గిన్నె వంక చూశాడు. తర్వాతి చెంచా కోసం నోరు తెరిచాడు.

నేను పోశాను.

మీరు కోపంతో పరుగెత్తుకు రాకండి. రాయాలనిపిస్తే వాడికే రాయండి. ఏం రాసినా సరే, ఒక్క మాట మింగకుండా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ ఇంటిని కాపాడిందో కాల్చిందో తెలియని
మీ భార్య,
ఫిదెలా