కిడ్నీ ఇచ్చినావిడకు కబురు వెళ్ళిందా?

కిడ్నీ మార్పిడి విభాగం, రోగుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,
నార్త్ కరోలినా రాష్ట్రం, మోరిస్‌విల్ నివాసి, వయసు యాభైనాలుగు, శేషగిరి వ్రాసుకొనునది.

విషయం: నాలో ఉన్న కిడ్నీకి క్యాన్సర్ వచ్చిన సంగతి, ఆ కిడ్నీ ఇచ్చిన మనిషికి తెలియజేశారా లేదా అన్నది, తేదీతో సహా.

అయ్యా,

అమ్మగారైతే మన్నించాలి. తమ ఉత్తరాల కింద పేరుండదు, ఒక అంకె ఉంటుంది. ఇంగ్లీషులో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "మీ ఆవేదన అర్థమైంది" అని జవాబు వచ్చింది. నేను పంపింది ప్రశ్న. తమ ఫారం మీద "మీకు సౌకర్యమైన భాషలో రాయవచ్చు" అని అచ్చు వేశారు. తెలుగులో రాస్తే అనువాదం కోసమైనా ఎవరో ఒకరు చివరిదాకా చదవక తప్పదు గనుక ఈ అర్జీ.

1. ఆరేళ్ళ క్రితం నా కిడ్నీలు రెండూ చెడిపోగా, నా భార్య గీతాంజలి తనది ఇస్తానన్నది. బ్లడ్ గ్రూప్ కుదరలేదు. అప్పుడు తామే దారి చెప్పారు: గీతాంజలి కిడ్నీ ఎవరో పరాయి మనిషికి, ఆ మనిషి తాలూకు వాళ్ళ కిడ్నీ నాకు. ఒకే రోజు నాలుగు ఆపరేషన్లు జరిగినవి. ఎవరు, ఏ ఊరు, ఆడా మగా అన్నది రహస్యమన్నారు. సంతకం పెట్టాను. అప్పట్లో అది మర్యాదగానే తోచింది.

2. గత మార్చిలో ఆ కిడ్నీలో గడ్డ కనిపించినది. ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు, సర్జరీ చేసి కిడ్నీ తీసేయాలన్నారు. రిపోర్టు నా ఆన్‌లైన్ ఖాతాలో పెట్టారు. కణాలు నావి కావనీ, కిడ్నీతో పాటు వచ్చిన స్త్రీ కణాలనీ అందులో ఒక వాక్యం ఉన్నది. ఆరేళ్ళు తాము దాచిన సంగతి గడ్డ చెప్పేసింది. ఎవరో ఒకావిడ. ఎక్కడో ఒంటి కిడ్నీతో తిరుగుతున్నది. నేను ఫోన్ చేసి అడిగిన మర్నాటికి ఆ వాక్యం మాయమైనది. సిస్టమ్ అప్‌డేట్ అన్నారు. ముందురోజే ప్రింట్ తీసుకున్నాను. నకలు జతపరచడమైనది. అసలుది నా దగ్గరే ఉంటుంది, అడగవద్దు.

3. డాక్టరు గారి వాదన ఏమనగా, ఇది ఆవిడ ఒంట్లో పుట్టి ఉండకపోవచ్చు, శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా నేను మింగే మందుల వల్ల నా ఒంట్లోనే పుట్టి ఉండవచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు "వచ్చు"ల మధ్య ఒక మనిషి ఉన్నది. ఆవిడకు మిగిలిన కిడ్నీని ఒక్కసారి స్కాన్ తీసి చూడరాదా అంటే, ఆవిడ ఇప్పుడు మా పేషెంటు కాదన్నారు. తీసుకునేదాకా వీరవనిత, బ్రోచర్ మీద పూలగుత్తి. తీసుకున్నాక పేషెంటే కాదు. చప్పట్లకు ఉన్న బుద్ధి చెకప్‌కు లేకపోయింది.

4. కబురైనా చేశారా అని తమ విభాగం కోఆర్డినేటర్‌ను అడిగాను. చేశామనీ అనలేను, చేయలేదనీ అనలేను, అది ఆవిడ ప్రైవసీ అన్నది. ఆవిడ పేరు నాకక్కర్లేదు, ఊరూ అక్కర్లేదు. అవునో కాదో చెబితే ఏ గుట్టు బయటపడుతుంది? తమ హాల్లో విజయవంతమైన మార్పిడుల బోర్డు ఒకటి వేలాడుతున్నది. దాని మీద మచ్చ పడుతుందని భయమేమో. ఇది నా అనుమానం. తేదీ చూపిస్తే ఈ పేరా నేనే కొట్టివేస్తాను.

5. గీతాంజలి మొదట నన్నే కోప్పడింది. "సర్జరీ పెట్టుకుని ఈ ఫైటింగేంటి శేషూ? ముందు నీ హెల్త్ చూస్కో." తర్వాత ఆ ప్రింట్ చదివింది. పొట్ట మీది ఆపరేషన్ మచ్చ తడుముకుంటూ అన్నది: "మరి నాది తీసుకున్నవాళ్ళకి ఏమన్నా అయ్యుంటే? నాకు కాల్ చేసేవాళ్ళా వీళ్ళు?"

ముప్ఫై ఏళ్ళుగా ప్రతిదానికీ జవాబు ఉన్నవాడిని. ఈ ప్రశ్నను మాత్రం ఆమె అన్నదన్నట్టే ఇక్కడ దించాను. జవాబు తమ దగ్గరుంటే పంపండి.

6. నా తప్పూ ఉన్నది. కిడ్నీ ఇచ్చినవారికి కృతజ్ఞతగా ఉత్తరం రాస్తే పేర్లు కొట్టేసి తామే అందజేస్తారు. నేను తొమ్మిది పేజీలు రాశాను. అందులో ఏడు, వైద్యం అందరికీ హక్కు ఎందుకు కావాలన్నదాని మీద. రాజకీయం తీసేసి అర పేజీకి కుదించమని తిప్పి పంపారు. సెన్సార్‌కు తలవంచేది లేదని మళ్ళీ రాయలేదు. ఆవిడకూ నాకూ ఉన్న ఒక్క దారినీ అలా నేనే మూసుకున్నాను. మొన్న ఒక్క వాక్యం రాసి పంపాను, స్కాన్ చేయించుకోండి అని. వైద్య సలహాలు చేరవేయబోమని అదీ తిప్పికొట్టారు.

కావున, ఆవిడకు చెప్పి ఉంటే తేదీ. చెప్పకపోతే ఈ వారంలోగా చెప్పి, స్కాన్ తామే చేయించవలెను. గీతాంజలి అడిగినదానికీ జవాబు కావలెను. అంతవరకు సర్జరీ కాగితాల మీద సంతకం చేయను. ఈసారైనా ఆవేదన జోలికి పోకుండా, అడిగినది మాత్రం చిత్తగించి సెలవీయగోరు,

ఈ ఒక్క విషయంలో తప్ప తమ విధేయుడు,
శేషగిరి

తా.క.: సంతకం పెట్టేశాను. గీతాంజలి పక్కన కూర్చుని పెట్టించింది. పధ్నాలుగున గడ్డతో పాటు కిడ్నీ తీసేస్తారు. తర్వాత మళ్ళీ డయాలిసిస్. ఆవిడకు ముందు స్కాన్ సంగతి చెప్పండి. ఆవిడ కుదుటపడ్డాక, ఇన్నేళ్ళలో ఆ కిడ్నీ నన్ను ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదని చెప్పండి.