రాజ్యం, వంకాయరంగు చీర

పొలం నుంచి, డిసెంబరు 6

ప్రియమైన వదినగారికి,

మోకాలి ఆపరేషన్ అయ్యాక మీరు విజయకుమారి ఇంట్లో నాలుగడుగులు వేశారని మీ తమ్ముడు బందరు నుంచి ఫోన్ చేసి చెప్పారు. మీ కూతురి చేతిలో ఉన్నారు కాబట్టి దిగులు లేదు. ఫోన్లో నేనెంత అరిచినా మీకు వినపడదు, మీరు అరిచేది మాత్రం పక్క పొలానికి కూడా వినపడుతుంది. అందుకే ఉత్తరం. పాలవ్యాను కృపావరం రోజూ గుడివాడ వస్తాడుగా, అతని చేత పంపుతున్నాను.

రాజ్యం పాలివ్వడం లేదు. మీరు వెళ్ళి ఐదు రోజులైంది. దూడను వదులుతున్నాను, పొదుగు కడిగి మీరు చూపించినట్టే నిమురుతున్నాను. చేపదు. పాలన్నీ పొదుగులోనే బిగబట్టుకుని మెడ తిప్పి ఓ చూపు చూస్తుంది. కాలేజీలో పద్దెనిమిదేళ్ళు ఎకనామిక్స్ చెప్పాను, చివరి బెంచీ పిల్లలు కూడా నన్నలా చూడలేదు. కోర్సు ఎత్తేశాం, ఇక రానక్కర్లేదని చెప్పిన రోజు ప్రిన్సిపాల్ గారు చూశారు, అచ్చం అలా.

మంచు తొమ్మిదింటిదాకా విడవడం లేదు. కోసిన మళ్ళలో మినుము రెండాకులు వేసింది. కోళ్ళు మీ మంచం కిందే గుడ్లు పెడుతున్నాయి. రెండు నెలలు చూసుకుంటానని వచ్చాను గానీ, చూసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసా అని అనుమానం. గేదె నామీద అలిగిందా, బెంగపెట్టుకుందా? ఏం చేయమంటారు?

మీ మరదలు,
లహరి


గుడివాడ, డిసెంబరు 8

మా లహరికి,

అలకా లేదు, బెంగా లేదు. అది నీకేసి చూడటంలేదు, నీ వెనక నేనున్నానేమోనని చూస్తోంది. నాకు జ్వరమొస్తే, అప్పట్లో పనికొచ్చే వీరమ్మ నా చీర చుట్టుకుని పిండేది. నువ్వూ అదే చెయ్యి. వంటింట్లో నా పాత చీర ఉంటుంది, ఉతక్కుండా చుట్టుకో. చేతులు ముందు వేడి కుడితి గోలెం మీద కాచుకో. ఈ చలిలో మంచులాంటి చెయ్యి తగిలిస్తే మనుషులే తంతారు. నోరు మాత్రం విప్పకు. నీ మాట పాఠం చెప్తున్నట్టుంటుంది, అది బెదురుతుంది.

కొంచెం పెరుగు పంపు. ఇక్కడి పెరుగు కత్తితో కోసినా కదలదు, రుచీ లేదు.

వదిన,
రావమ్మ


పొలం నుంచి, డిసెంబరు 27

ప్రియమైన వదినగారికి,

పెరుగు అందిందా? రాజ్యం పాలే. చీర చుట్టుకున్న మొదటి రోజు అరలీటరు ఇచ్చింది. ఇప్పుడు పూటకి మూడు లీటర్లు.

సంతోషించాలి కదా. ఏమిటో, సంతోషం సగమే వస్తోంది. ఆ చీరలో మీ వాసన ఉంటుందని మొహానికి ఆనించి చూశాను. మినుముల వాసన. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న మనిషి వాసన నాకు ఇప్పుడా తెలియడం అనిపించింది. పాకలో పొగ వేసి, దాని మీద గోతం కప్పి, పక్కన కూర్చుంటాను. చేపినప్పుడు ఆ ఒంట్లో బిగువు సడలడం నా నుదుటికి తెలుస్తుంది. వెంటనే గుర్తొస్తుంది, ఇవి నాకిస్తున్న పాలు కావు, మీకు. నేను చీర తగిలించిన కొయ్యని. దాన్ని రోజుకి రెండుసార్లు మోసం చేస్తున్నానా, లేక అది తెలిసే ఊరుకుంటోందా?

మాట్లాడవద్దన్నారు. నాలుగు రోజుల నుంచి మెల్లగా మాట్లాడుతున్నాను. క్షమించండి.

మీ లహరి


గుడివాడ, జనవరి 6

మా లహరికి,

పెరుగు బాగుంది. ఒక మాట తిన్నగా చెప్తాను, బాధపడకు. డాక్టరు ఇక ఈ జన్మకి గొంతుక్కూర్చోవద్దన్నాడు. పాకలో పని నాకు చెల్లిపోయింది. ఆ పాలు నాకే ఇస్తోందని నువ్వే రాశావు. నేను రానప్పుడు దాన్నెందుకు ఆశపెట్టడం? నువ్వు వచ్చింది రెండు నెలలకి. నీకు మళ్ళీ ఏ కాలేజీలోనో పిలుపొస్తుంది.

పామర్రు నరేంద్రకి కబురు పెట్టాను. వాళ్ళకి పది గేదెలున్నాయి, మంచివాళ్ళు. శుక్రవారం పశువును గడప దాటించకూడదు, ఆదివారం పొద్దున రమ్మన్నాను. పలుపు కొత్తది కట్టి పంపు.

వదిన


పొలం నుంచి, జనవరి 8

ప్రియమైన వదినగారికి,

గేదె మీది. వద్దనడానికి నాకు హక్కు లేదు. పంపొద్దని రాసి చించేశాను, పంపమని రాసి అదీ చించేశాను. పిలుపు వస్తే వెళ్తానా? అదీ తెలియదు. పొద్దున నా అడుగుల చప్పుడుకి అరుస్తోంది. ఆకలికే అనుకోండి.

ఒకటి మాత్రం చేస్తాను. వంటింట్లో మినుముల డబ్బా మీద ఉన్న మీ చీర, అదే, కొంగు దగ్గర చిల్లు పడిన వంకాయరంగుది, దాన్ని కూడా నరేంద్ర గారికిచ్చి పంపుతాను. అది లేకపోతే వాళ్ళకీ చేపదు. కొత్తచోట పాపం కష్టపడుతుంది.

లహరి


గుడివాడ, జనవరి 10

లహరీ,

ఆ వంకాయరంగు చీర నాది కాదే.

గృహప్రవేశానికి నువ్వు పెట్టిన చీర అది. రంగు నాకు నప్పలేదు. నీతో చెప్పలేక డబ్బా మీద కప్పాను, ఎలక కొట్టింది. ఒక్కనాడు కట్టలేదు, దాంతో పాకలోకి అడుగు పెట్టలేదు. నా పాక చీర పచ్చది. విజయకుమారి బట్టలు సర్దేటప్పుడు చూసుకోకుండా సంచిలో కుక్కేసింది. ఇక్కడ మడతపెట్టి మోకాలి కింద పెట్టుకుంటున్నాను. ఇల్లంతా గేదె వాసన అని అది ఒకటే గొడవ.

మరి నెలరోజుల నుంచి రాజ్యం ఎవరికి ఇస్తోందే పాలు? నన్నడిగితే నాకేం తెలుసు. నాకు కాస్త కచ్చగా కూడా ఉంది. పెద్ద చదువులు చదివినదానివి, నువ్వే తేల్చుకో. నరేంద్రకిచ్చిన మాట సంగతి నేను చూసుకుంటాను.

రావమ్మ


పొలం నుంచి, ఆదివారం

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఈ పొద్దున నా చుడీదారులోనే పాకలోకి వెళ్ళాను. గిన్నె తన్నింది. మళ్ళీ పెట్టాను. చాలాసేపు నిలబడి, చేపింది. ఎందుకు తన్నిందో తెలియదు, ఎందుకు చేపిందో అంతకన్నా తెలియదు.

నరేంద్ర గారు వచ్చారు. "రావమ్మ గారు ఇమ్మన్నారు కదండీ," అన్నారు.

"ఆవిడ ఇమ్మన్నారండి. నేనే ఇవ్వనంటున్నాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. టీ తాగి, దూడ బాగుందని చెప్పి వెళ్ళారు.

తప్పు చేశానేమో. వచ్చే వేసంగికి మేతకి ఏం చేయాలో, మీ తమ్ముడికి ఏం చెప్పాలో ఆలోచించలేదు. ఒకటి మాత్రం చేశాను. పాకలో వేయడానికి ఎత్తుపీట కావాలని వడ్రంగికి చెప్పాను. పిండేది నేనే, మీరు పక్కన కూర్చుని తప్పులు పట్టండి. మీ మోకాలు ఎంతవరకు వంగుతోందో కొలిచి, రేపు కృపావరం చేత పంపండి.

మీ లహరి