హనోకు ఆల్బమ్ కోసం చేయని ప్రార్థన

అమ్మా, దేవుని దయవల్ల తోరణగల్లులో నేను బాగానే ఉన్నాను.

ఫోన్లో అయితే నా గొంతులో తేడా పట్టేస్తావని కార్డు రాస్తున్నాను. మా బ్యాండు నలుగురిదీ కదా, హనోకు మాత్రం తన ఒక్కడి పేరుతో ఆల్బమ్ తెచ్చాడు. కవరు మీద వాడి ముఖమొక్కటే. లోపల డ్రమ్ములు నావి. ఆదివారం చర్చిలో పాస్టరుగారు, "సైలసప్పా, హనోకు ఆల్బమ్ కోసరం నువ్వే ప్రార్థన చెయ్యప్పా" అన్నారు. కళ్ళు మూసుకుని వానల కోసం, రోగుల కోసం, కాలువ నీళ్ళ కోసం వేడుకున్నాను. ఆల్బమ్ మాట ఎత్తలేదు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది హనోకే. అదీ శ్రుతిలోనే అన్నాడు.

మిరపకారం అయిపోయింది, పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ కార్డు చెల్లికి చూపించొద్దు, అది పొద్దస్తమానం వాడి పాటలే పాడుతుంది. నేనూ వింటున్నాను. బాగున్నాయి, అందుకే ఆదివారం వాటి కోసం వేడుకోడానికి నాకు నోరు రాలేదు. ఆ ప్రార్థన నా బదులు నువ్వు చెయ్యమ్మా.

నీ కొడుకు,
సైలస్