దిగనివ్వని రైలు

రైలు పెట్టెల ఎంపిక అధికారి గారికి నమస్కారాలు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. తాళాలు నా దగ్గరే ఉంటాయి. రోజూ ఏడున్నర బండిలో వస్తాను. నెలరోజులుగా మీరు నడిపి చూస్తున్న రెండంతస్తుల రైలు చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ పెట్టెకు రెండే తలుపులు, ఒకటే సన్నటి మెట్లదారి. మా స్టేషన్‌లో ఆగేది అర నిమిషం. పైనుంచి నేను కిందికొచ్చేసరికి తలుపు మూసుకుంటోంది. ఈ వారం మూడుసార్లు తర్వాతి స్టేషన్‌కి పోయి వెనక్కొచ్చాను. ల్యాబు ముందు పరగడుపున ముప్పై మంది! ఆకలి మీదున్న మనిషి ఎంత మాటైనా అంటాడు. ఒక్క అంతస్తు, మూడు వెడల్పాటి తలుపులు ఉన్న రైళ్ళు కొనండి బాబూ.

ఇట్లు,
ల్యాబు తాళాల మనిషి

తా.క.: కిందే నిలబడొచ్చుగా అంటారేమో. అక్కడ నిన్న దిగలేకపోయినవాళ్ళు నిలబడి ఉన్నారు.

గౌరవనీయ ప్రయాణికురాలికి,

రైలు ‘చూడముచ్చటగా ఉంది’ అన్న మీ అభిప్రాయాన్ని సంతోషంగా నమోదు చేసుకున్నాము. మీకు సీటు దొరకడం లేదని గ్రహించి, మెట్ల పక్కన మరో ఆరు సీట్లు బిగించాము.

భవదీయుడు,
ఎంపిక అధికారి

తా.క.: పరగడుపున ప్రయాణం ఆరోగ్యానికి మంచిది కాదు.

అయ్యా,

సీటు ఎవరడిగారండీ? ఇప్పుడు ఆ ఆరుగురి మోకాళ్ళు మెట్లకు అడ్డం. గోరుచుట్టు మీద రోకటిపోటు! నాకు కూర్చోవాలని లేదు, దిగిపోవాలని ఉంది. నిన్న రెండు స్టేషన్లు దాటిపోయాను. “ఇంకొక్కసారి ఆలస్యమైతే తాళాలిచ్చేసి ఇంటికెళ్ళు” అన్నాడు మా ఓనరు.

ఇట్లు,
విసిగిపోయిన తాళాల మనిషి

తా.క.: సీట్లు బిగించడానికి వచ్చినాయన కూడా దిగలేక మాతోనే తిరుగుతున్నాడు. మంచివాడు.

గౌరవనీయ ప్రయాణికురాలికి,

మీరు దిగిపోవాలనుకుంటున్నారని తెలిసి విచారించాము. ప్రయాణికుల సలహా సంఘం నుంచి మీ రాజీనామాను ఆమోదించాము. (మొదటి ఉత్తరం అందినప్పుడే మిమ్మల్ని అందులో చేర్చాము. చెప్పడం మరిచాము.) ఎల్లుండి ఎనిమిదిన్నరకు జరిగే సమావేశంలో రెండంతస్తుల రైళ్ళు నలభై కొనాలని నేనే ప్రతిపాదిస్తున్నాను.

భవదీయుడు,
ఎంపిక అధికారి

తా.క.: మీ సేవలకు ప్రశంసాపత్రం జతపరిచాము.

ఏమండీ అధికారి గారూ,

చేరని సంఘంలోంచి దింపేశారు, ఎక్కిన రైల్లోంచి మాత్రం దిగనివ్వరు! మీకు దణ్ణం పెడతాను. ఎల్లుండి ఒక్కరోజు మీ ఆఫీసు కారు వదిలేసి, ఏడున్నర బండెక్కి పై అంతస్తులో కూర్చుని సమావేశానికి వెళ్ళండి. తర్వాత మీ ఇష్టం.

ఇట్లు,
నేనే

తా.క.: టికెట్టు చివరి స్టేషన్‌దాకా తీసుకోండి.

అమ్మా,

ఎక్కాను. పై కిటికీలోంచి మా ఆఫీసు వచ్చింది, పోయింది. అప్పటికి నేను రెండో మెట్టు మీద ఎవరి సంచికో చిక్కుకుని ఉన్నాను. తిరుగు బండిలోనూ ఆఫీసు దాటిపోయి, ఎక్కిన చోటికే చేరాను. ఈలోగా సమావేశం ముగిసింది. రెండంతస్తుల రైలు తరఫున మాట్లాడేవారే లేక, ఒక్క అంతస్తు, మూడు తలుపుల రైలును ఏకగ్రీవంగా ఎంపిక చేశారట. మా శాఖ ఇంత మంచి నిర్ణయం ఎన్నడూ తీసుకోలేదని పై అధికారి ఫోన్లో మెచ్చుకున్నారు. ఇకపై సమావేశాలకు నేను రానక్కర్లేదన్నారు. మీ ఆలస్యాలకు కారణం నేనేనని మీ ఓనరుకు విడిగా రాశాను.

మీ తోటి ప్రయాణికుడు

తా.క.: కొత్త రైళ్ళు రావడానికి రెండేళ్ళు పడుతుంది. అంతవరకు నేను రోజూ ఏడున్నర బండిలోనే రావాలని కూడా తీర్మానించారు. దిగేటప్పుడు మీరు ఏ భుజం ముందు పెడతారో దయచేసి తెలియజేయగలరు.